చెక్ ఇంజిన్ లైటు ఆపేశాను, కారు ఆగిపోయింది: లీన్ మిక్స్‌చర్ ఎలా కనిపెట్టాలి?

ఎప్పుడూ మీలో ఎవరో పంపిన కారు ప్రాబ్లమ్ తీసుకుని మాట్లాడుకుంటాం కదా. ఈసారి మా ఇంట్లో కారే. తప్పు చేసింది కూడా నేనే. కాబట్టి కొంచెం సిగ్గుపడుతూనే చెప్తున్నా, వినండి.

మా బావ, అంటే మా అక్క వాళ్లాయన, ఎల్బీ నగర్‌లో ఉంటాడు. ఆయన దగ్గర ఒక పెట్రోల్ సెడాన్ ఉంది. 2014 మోడల్, 1500 సీసీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాన్నే ఔట్‌స్టేషన్ ట్రిప్పులకి తిప్పుతాడు. ఇల్లు గడిచేది ఆ కారు మీదే. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "బామ్మర్దీ, డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ బొమ్మ పసుపుగా వెలుగుతోంది. పొద్దున్నే ట్రిప్పు ఉంది. నీ దగ్గర ఏదో మెషిన్ ఉందిగా, ఆ లైటు కాస్త ఆపెయ్యవా" అన్నాడు.

మెషిన్ అంటే పెద్దదేం కాదు. అగ్గిపెట్టె అంత బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్. మన దగ్గర 2013 తర్వాత వచ్చిన పెట్రోల్ కార్లలో స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర, 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అందులో దీన్ని గుచ్చి, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేస్తే ఇంజిన్ కంప్యూటర్ ఏమనుకుంటోందో మన స్క్రీన్ మీద కనిపిస్తుంది. వెళ్లి పెట్టాను. కోడ్ వచ్చింది. పీ0171. సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఉండేది ఒక్క బ్యాంకే, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

కారు నడిపి చూశాను. బాగానే ఉంది. "ఏం కాదు బావా" అని క్లియర్ నొక్కాను. లైటు పోయింది. బావ హ్యాపీ. టీ తాగి వచ్చేశా.

పది రోజులైంది. విజయవాడలో చుట్టాల పెళ్లి. బావ, అక్క, అమ్మ, నేను అదే కార్లో బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక టిఫిన్‌కి ఆగాం. మళ్లీ స్టార్ట్ చేసేసరికి లైటు. అమ్మ చూస్తే కంగారు పడుతుంది, పెళ్లి దాకా అదే మాట పట్టుకుంటుంది. అందుకని ఆ పార్కింగ్‌లోనే ఫోన్ తీసి గబగబా క్లియర్ కొట్టేశాను. రెండు కిలోమీటర్లు పోయామో లేదో అమ్మ, "ఒరేయ్, నా కళ్లజోడు హోటల్లో టేబుల్ మీద పెట్టేశాన్రా" అంది. సరే, వెనక్కి తిప్పాలి. మీడియన్ గ్యాప్ దగ్గర ఆగాం. అటు నుంచి లారీ వస్తోంది కానీ దూరంగా ఉంది, హాయిగా దాటేయొచ్చు. బావ క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కాడు.

కారు కదిలింది. సగం రోడ్డు మీదకి వచ్చాక బుర్రుమని ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. తొక్కుతున్నాడు, పికప్ లేదు. రెండు జర్కులు ఇచ్చి ఆఫ్ అయిపోయింది. లారీ హారన్. బావ మళ్లీ కీ తిప్పి, సగం స్టార్టర్ మీద, సగం ఇంజిన్ మీద ఎలాగో అవతలి అంచుకి లాగాడు. లారీ డ్రైవర్ బ్రేక్ కొట్టి, కొంచెం పక్కకి కోసుకుని వెళ్లిపోయాడు. వెనక సీట్లో అమ్మ కూర్చున్న వైపు నుంచే. అందులో ఎవరూ ఏం మాట్లాడలేదు. కళ్లజోడు తెచ్చుకున్నాం, పెళ్లికి వెళ్లాం, వచ్చాం. నాకు మాత్రం ఆ హారన్ చెవుల్లోంచి పోలేదు.

పది రోజులుగా ఆగని కారు సరిగ్గా నేను కోడ్ క్లియర్ చేసిన పది నిమిషాలకే ఎందుకు ఆగింది? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న మీదే.

ముందు లీన్ అంటే ఏంటో చూద్దాం. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. లీటర్లలో చెప్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక్క లీటరు పెట్రోల్‌కి దాదాపు 9,000 లీటర్ల గాలి. అంటే మీ కారు నిజానికి గాలి పీల్చే మెషిన్, మధ్యలో కాస్త పెట్రోల్ చుక్కలు చల్లుతుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే లీన్. పెట్రోల్ ఎక్కువైతే రిచ్.

వచ్చిన గాలిని కొలిచేది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్, మెకానిక్‌లు మాఫ్ అంటారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపులో ఉంటుంది. ఇది గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. లోపలికి ఎంత గాలి వెళ్లిందో లెక్క రాసి కంప్యూటర్‌కి చెప్తుంది. కంప్యూటర్ ఆ లెక్క ప్రకారం పెట్రోల్ కొడుతుంది. కాలిన తర్వాత సైలెన్సర్ వైపు ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోయిందా లేదా అని చూస్తుంది. మిగిలితే లీన్ అన్నమాట, అప్పుడు కంప్యూటర్ కొంచెం పెట్రోల్ పెంచుతుంది. మిగలకపోతే తగ్గిస్తుంది.

ఆ పెంచడం, తగ్గించడం ఎంత అన్నదే ఫ్యూయల్ ట్రిమ్. యాప్‌లో రెండు కనిపిస్తాయి. షార్ట్ టర్మ్ అంటే ఈ సెకనులో చేస్తున్న సర్దుబాటు. లాంగ్ టర్మ్ అంటే రోజుల తరబడి నేర్చుకుని గుర్తుపెట్టుకున్న సర్దుబాటు. ప్లస్ ఉంటే పెట్రోల్ కలుపుతోంది, మైనస్ ఉంటే కోస్తోంది. రెండూ కలిపి ప్లస్ 10 లోపు, మైనస్ 10 లోపు ఉంటే నేను పట్టించుకోను. లాంగ్ టర్మ్ ప్లస్ 20, 25 దగ్గరికి వచ్చేసరికి చాలా కార్లు ఇక మా వల్ల కాదని పీ0171 వేస్తాయి. కంపెనీని బట్టి ఆ హద్దు మారుతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. బావ కారు పది రోజులు బాగా నడిచింది అన్నాను కదా. బాగుండి కాదు. కంప్యూటర్ ఆ లోటుని ఎప్పటికప్పుడు పూడుస్తూ వచ్చింది. చేతికర్ర పట్టుకుని నడిచే మనిషిలాగా. నేను క్లియర్ నొక్కినప్పుడు లైటు ఒక్కటే పోలేదు. చాలా కార్లలో కోడ్ క్లియర్ చేస్తే, నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా సున్నా అయిపోతుంది. అంటే నేను హైవే పక్కన నిలబడి ఆ చేతికర్ర లాగేసి, ఇప్పుడు పరిగెత్తు అన్నాను. మళ్లీ నేర్చుకోడానికి దానికి కాసేపు టైమ్ కావాలి. ఆ టైమ్ లోపే మేం మీడియన్ గ్యాప్‌లో ఉన్నాం. ఐడిల్ నుంచి ఒక్కసారి తొక్కేసరికి గాలి వచ్చింది, దానికి తగ్గ పెట్రోల్ రాలేదు. వంద శాతం అదే కారణం అని ప్రమాణం చేసి చెప్పలేను కానీ, మొదటిసారి ఇంటి దగ్గర క్లియర్ చేసిన రోజు కూడా వీధి చివర ఒక జర్కు ఇచ్చిందని బావ తర్వాత చెప్పాడు. చిన్నదే కదా అని నాకు చెప్పలేదట.

ఇంకో నష్టం కూడా ఉంది. కోడ్ పడిన క్షణంలో ఆర్పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత, స్పీడ్ ఎంత అన్నది కంప్యూటర్ ఒక ఫొటోలాగా దాచిపెడుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ నొక్కితే అదీ పోతుంది. దొంగ వేలిముద్రలు నేనే గుడ్డ పెట్టి తుడిచినట్టు. మీ యాప్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది. ఏం నొక్కినా దాని స్క్రీన్‌షాట్ తీశాకే నొక్కండి.

సరే, పెళ్లి నుంచి వచ్చాక బావ తనకి తెలిసిన గ్యారేజీకి తీసుకెళ్లాడు. ఆయన కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి, 6,800 అవుతుంది అన్నాడు. ఆయన్ని నేనేం అనను, పీ0171 చూస్తే సగం మంది అదే అంటారు. కానీ ఒంట్లో వేడి ఉందని థర్మామీటర్ చెప్తే థర్మామీటర్ మారుస్తామా? అదీ చెడిపోవచ్చు, కాదనను. అందుకే ముందు చెక్ చేయాలి. పాత రకం సెన్సర్ అయితే యాప్‌లో దాని వోల్టేజ్ గ్రాఫ్ కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక గబుక్కున ఒకసారి రేజ్ చేసి వదలండి. రేజ్ చేసినప్పుడు 0.8 వోల్టులు దాటి పైకి పోవాలి, వదిలినప్పుడు 0.1 దగ్గరికి పడాలి. బావ కారులో చకచకా పైకీ కిందకీ తిరిగింది. సెన్సర్ బతికే ఉంది, నిజమే చెప్తోంది. 6,800 జేబులోనే ఉంచాం.

తర్వాతి టెస్ట్ నాకు చాలా ఇష్టం. ఎందుకంటే దీనికి స్పానర్ కూడా అక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ట్రిమ్‌లు చూడాలి. ముందు ఐడిల్‌లో, తర్వాత 2,500 ఆర్పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి. ఇది బయట గాలి ఆడే చోట చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని తీసేస్తుంది.

బావ కారులో ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 19, షార్ట్ టర్మ్ ప్లస్ 6. మొత్తం 25. అదే 2,500 దగ్గర మొత్తం 11కి పడిపోయింది. ఈ తేడాలోనే సమాధానం ఉంది. ఎలాగో చెప్తా.

ఈ సైజు ఇంజిన్ ఐడిల్‌లో సెకనుకి సుమారు 3 గ్రాముల గాలి తీసుకుంటుంది అనుకోండి. మాఫ్ సెన్సర్ దాటిన తర్వాత ఎక్కడో పైపుకి చిల్లు పడి, అక్కణ్నుంచి సెకనుకి 0.6 గ్రాములు దొంగతనంగా లోపలికి వస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, వీళ్లు వెనక గోడ దూకి వస్తున్నారు. 3కి 0.6 అంటే 20 శాతం. లెక్కలో లేని గాలి 20 శాతం. ఇప్పుడు 2,500కి రేజ్ చేశాం. గేటులోంచి వచ్చే గాలే 10 గ్రాములు అయింది. చిల్లు మాత్రం అదే చిల్లు, 0.6 గ్రాములే. పదికి 0.6 అంటే 6 శాతం. చిల్లు మారలేదు, దాని వాటా తగ్గింది. అందుకే ఐడిల్‌లో ట్రిమ్ బాగా ఎక్కువుండి, రేజ్ చేస్తే తగ్గిందంటే అది వాక్యూమ్ లీక్. మెకానిక్ భాషలో, ఇంజిన్ ఎయిర్ లాగుతోంది.

దీనికి రివర్స్‌లో కూడా జరుగుతుంది. ఐడిల్‌లో ట్రిమ్ బాగానే ఉండి, ఘాట్ ఎక్కేటప్పుడో, హైవే మీద గట్టిగా తొక్కినప్పుడో ప్లస్ పెరుగుతూ పోతే లీక్ గురించి వెతకొద్దు. అక్కడ పెట్రోల్ అందట్లేదు. పంపు వీక్ అయి ఉండాలి, ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా మాఫ్ సెన్సర్ తీగ మీద దుమ్ము పేరుకుని గాలిని తక్కువగా లెక్కపెడుతూ ఉండాలి. ఇది ఐడిల్ లీక్ కన్నా నాకు ఎక్కువ భయం. ఫుల్ లోడ్ మీద నిజంగా లీన్ అయితే ఇంజిన్ టకటకా నాకింగ్ ఇస్తుంది, పిస్టన్, వాల్వుల మీద దెబ్బ పడుతుంది. అలాంటి కారుతో శ్రీశైలం ట్రిప్పు పెట్టుకోకండి. ముందు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి.

ఇంకొక్క మాట. చాలా చిన్న కార్లలో మాఫ్ ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్ చూసి గాలిని అంచనా వేస్తుంది కాబట్టి దొంగ గాలి కూడా చాలావరకు లెక్కలోకి వచ్చేస్తుంది. వాటిలో లీక్ ఉంటే లీన్ కోడ్ కన్నా ముందు ఐడిల్ పెరిగిపోవడం కనిపిస్తుంది. నేను చెప్పిన ఐడిల్, 2,500 లెక్కని వాటికి గుడ్డిగా వాడొద్దు. సైలెన్సర్ వైపు కూడా ఒక కన్నేయండి. ఆక్సిజన్ సెన్సర్ ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉన్నా, ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అవుతున్నా మిగిలిపోయిన ఆక్సిజన్ సెన్సర్‌కి తగిలి లీన్ అనే చెప్తుంది, పెట్రోల్ సరిగ్గానే ఉన్నా సరే.

ఇక వెతకడం. ఇక్కడ నా టైమ్ చాలా వేస్ట్ అయింది. ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న పెద్ద రబ్బరు పైపు మడతలు విప్పి చూశాను, బాగుంది. బ్రేక్ బూస్టర్ పైపు బాగుంది. ఇంటేక్ మ్యానిఫోల్డ్ బోల్టులు టైట్‌గా ఉన్నాయి. పీసీవీ పైపు కూడా చూశాను, బాగుంది అనుకున్నా. పీసీవీ అంటే ఇంజిన్ లోపల ఆయిల్ దగ్గర పుట్టే ఆవిర్లని మళ్లీ ఇంటేక్‌లోకి పంపే పైపు. చెవికి ఏమీ వినపడట్లేదు, ఫ్యాన్ చప్పుడే ఎక్కువ.

కొందరు కార్బ్ క్లీనర్ స్ప్రే అక్కడక్కడ కొట్టి, ఇంజిన్ సౌండ్ ఎక్కడ మారితే అక్కడ లీక్ అంటారు. పనిచేస్తుంది. కానీ వేడి ఎగ్జాస్ట్ పక్కన అంటుకునే స్ప్రే కొట్టడం అన్నమాట. వీడియోలో చూడ్డానికి బాగుంటుంది, ఇంటి ముందు మాత్రం నేను చేయను. మిమ్మల్నీ చేయమనను. మంచి గ్యారేజీల్లో స్మోక్ మెషిన్ ఉంటుంది, ఇంజిన్ ఆఫ్‌లో పెట్టి పైపుల్లోకి పొగ పంపితే చిల్లులోంచి పొగ బయటికొస్తుంది. అది సేఫ్.

నేను చేసింది ఇంకా సింపుల్. కట్టింగ్ ప్లేయర్ మూతికి గుడ్డ చుట్టి, మ్యానిఫోల్డ్‌కి వెళ్లే ఒక్కో రబ్బరు పైపుని మ్యానిఫోల్డ్ దగ్గర మెల్లగా నొక్కిపట్టాను. బావ లోపల కూర్చుని ఫోన్‌లో ట్రిమ్ చదువుతున్నాడు. మొదటిది నొక్కాను, "ఏం మార్లేదు" అన్నాడు. రెండోది, "ఏం లేదు". పీసీవీ పైపు నొక్కాను. ఐదారు సెకన్లు. "ఏయ్ ఏయ్, పడిపోతోంది రా! మైనస్ 4... మైనస్ 9... మైనస్ 14!" ఐడిల్ కూడా సాఫీ అయింది. షార్ట్ టర్మ్ మైనస్‌లోకి ఎందుకు పోయిందంటే, లాంగ్ టర్మ్ ఇంకా పాత అలవాటులో ప్లస్ 19 కలుపుతూనే ఉంది, ఇప్పుడది ఎక్కువైపోయింది కాబట్టి షార్ట్ టర్మ్ కోస్తోంది. 19లోంచి 14 తీస్తే 5.

ఇంజిన్ ఆపి, చల్లారాక పైపు ఊడదీశాను. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. తిప్పి చూస్తే కింది వైపు, వాల్వ్ వంపు దగ్గర, నా బొటనవేలు గోరంత పొడవు చీలిక. ఆయిల్ ఆవిరికి రబ్బరు ఉబ్బి మెత్తబడిపోయింది. నేను పొద్దున చూసిన పైపే అది. కనిపించే వైపు చూసి బాగుందనుకున్నా. కొత్త పైపు, రెండు క్లిప్పులు, మొత్తం 340 రూపాయలు.

అది వేసి, నాలుగు రోజులు తిప్పాక చూస్తే ఐడిల్‌లోనూ, 2,500లోనూ ప్లస్ 5 దగ్గర నిలబడింది. సున్నా కాదేంటి అని బావ అడిగాడు. ఇది ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మనం ఇప్పుడు కొట్టిస్తున్నది ఈ20 పెట్రోల్, 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది, దాంతో ఒక గ్రాము ఇంధనానికి 14.7 కాదు, 13.5 దగ్గర గాలి చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ పోయాలి. పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పట్టినట్టు అనుకోండి. ఈ20కి ముందు ట్యూన్ చేసిన కార్లలో ట్రిమ్ కొన్ని పాయింట్లు ప్లస్‌లో ఉండటం మామూలే. కానీ ఈ20 ఎఫెక్ట్ ఐడిల్‌లోనూ, రేజ్‌లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఐడిల్‌లో 25, రేజ్‌లో 11 అని చూపించదు. కారుకి ఏమైనా ఇథనాల్ వల్లే అని చెప్పేవాళ్లకి ఈ లెక్క చూపించండి. అలాగని ఇథనాల్ వల్ల రబ్బరు పైపులకి ఏమీ కాదని నేను అనట్లేదు, అది వేరే ఎపిసోడ్ అంత టాపిక్.

అమ్మకి ఇదంతా చెప్పలేదు. పెట్రోల్‌లో నీళ్లు పడ్డాయని అనుకుంటోంది ఇప్పటికీ. ఆ బంకు దగ్గర కొట్టించొద్దని బావకి చెప్తూ ఉంటుంది. బావ మాత్రం ఇప్పుడు అడాప్టర్ తన కార్లోనే పెట్టుకున్నాడు, నాకు తిరిగివ్వట్లేదు. పోయిన వారం ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఐడిల్ ప్లస్ 5, 2,500 దగ్గర ప్లస్ 4. కింద, "క్లియర్ నొక్కలేదు" అని రాశాడు.

వచ్చే ఎపిసోడ్‌లో మిస్‌ఫైర్ కోడ్స్ చూద్దాం, పీ0300 దగ్గర్నుంచి. మీ కారు ఐడిల్ ట్రిమ్, 2,500 ట్రిమ్ రెండూ రాసి పంపండి, మోడల్ ఏ సంవత్సరమో కూడా. కొన్ని తీసుకుని అందులో మాట్లాడతాను. ఉంటాను ఫ్రెండ్స్.